పద్నాలుగో పేరు

తల్లీపిల్లల ఆసుపత్రి మెట్లు దిగి, మందుల గిడ్డంగి దాటి, ఎడమ పక్కకు తిరిగితే ఒక ఇనుప తలుపు ఉంటుంది. దాని వెనక ఎప్పుడూ చలే. మండుటెండల్లో కూడా శాలువా కప్పుకుని ఆ గదిలో కూర్చునే మనిషిని ఆసుపత్రి మొత్తం సర్వరమ్మ అని పిలిచేది. ఆ పేరు వార్డు నర్సులు పెట్టారు. మొదట ఆటపట్టించడానికే పెట్టారు గానీ, తర్వాత అదే ఖాయమైపోయింది. పెద్ద డాక్టరు కూడా ఫోనెత్తి "సర్వరమ్మ గారికి ఇవ్వండి" అనేవారు. ఆమె ఏమీ అనుకునేది కాదు. నేల కింద గదిలో పనిచేసే మనిషిని ఏదో ఒక పేరుతో తలుచుకుంటున్నారు, అదే పదివేలు అనుకునేది.

ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె పని చీటీలు టైపు చేయడం. బిడ్డ పేరు, వయసు, గది నంబరు. అప్పట్లో ఆసుపత్రి వివరాలన్నీ దాచే పెద్ద కంప్యూటర్‌ను, అదే సర్వర్‌ను, చూసే ఆయనను మాస్టారు అనేవారు. ఆయన జన్మలో ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. కళ్ళజోడు, కోపం రెండూ ఉండేసరికి లోకం మాస్టారనేసింది, అంతే. ఆయన ఒకరోజు ఆమె వెనక నిలబడి పది నిమిషాలు చూసి, "అందరూ టైపు చేసేసి తర్వాత చదువుకుంటారు. నువ్వు చదివి టైపు చేస్తావు. రేపటి నుంచి కిందికి రా" అన్నారట. ఆమె భయపడుతూ వెళ్ళింది. వెళ్ళినావిడ ఇరవై ఎనిమిదేళ్ళు మళ్ళీ పైకి రాలేదు. మాస్టారు మధ్యలోనే పోయారు. గది ఆమెకు మిగిలింది.

ఆ పని ఎలాంటిదో కాస్త చెప్పాలి. కంగారు పడకండి, క్లుప్తంగానే చెప్తాను. సర్వర్ ముందు కూర్చుంటే బొమ్మలూ రంగులూ ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మనం ఒక కమాండ్ టైపు చేస్తాం, అది జవాబిస్తుంది. సర్వర్ చేసే ప్రతి పనికీ ఒక ప్రోగ్రాం కావాలి. ఆ ప్రోగ్రాం మూటగట్టి వస్తుంది, ఆ మూటనే ప్యాకేజీ అంటారు. కొత్త ప్యాకేజీలు తెచ్చుకోవడం, పాతవాటిని మార్చడం, అక్కర్లేనివి తీసేయడం సర్వరమ్మ పని. నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం, అందరూ భోజనాలు ముగించి కాస్త నడుం వాల్చే వేళ, ఆమె ఆ పనికి కూర్చునేది.

ఇందులో ఒక మెలిక ఉంది. సర్వర్ తన దగ్గరున్న ప్యాకేజీలను రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటుంది. మనం పేరుపెట్టి పిలిచి తెచ్చుకున్నవి కొన్ని. వాటికి తోడుగా వచ్చినవి కొన్ని. మనం పిన్నిని రమ్మంటే ఆవిడ వెంట ఆవిడ ఆడపడుచు కూడా వచ్చినట్టన్నమాట. పిన్ని వెళ్ళిపోయిన రోజున సర్వర్ ఆ ఆడపడుచు వైపు చూసి, 'ఈవిడతో ఇక్కడ ఎవరికీ పని లేదు, పంపించేయనా?' అని అడుగుతుంది. పాపం, దానికి తెలిసింది అంతే. ఇన్నాళ్ళూ మన ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆవిడేనని దానికెవరు చెప్పాలి? మనిషే చెప్పాలి. అందుకు ఒక చిన్న కమాండ్ ఉంది. అది కొడితే ఆ ప్యాకేజీ మనం పిలిచి తెచ్చుకున్నవాటిలో చేరిపోతుంది. ఇక దాని జోలికి సర్వర్ పోదు.

ఏదైనా తీసేసే ముందు సర్వర్ పేర్లన్నీ తెరమీద చూపిస్తుంది. చూపించి, కానివ్వమంటారా అని అడుగుతుంది. అవునంటే ఒక్క అక్షరం కొట్టాలి. లోకంలో చాలామంది ఆ జాబితా చదవరు, అలవాటుకొద్దీ ఆ అక్షరం కొట్టేస్తారు. సర్వరమ్మ అలా కాదు. జాబితాను కాగితం మీద ముద్రించుకుని, పెన్సిల్ పట్టుకుని, ఒక్కొక్క పేరూ పైకి చదివి టిక్కు పెట్టేది. తలుపు సందులోంచి విన్న నర్సులు "సర్వరమ్మ హాజరు తీస్తోందర్రా" అని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. ఆమెకు ఆ పద్ధతి అంటే లోలోపల చాలా గర్వం. అది నిజం, దాచడమెందుకు.

ఇక ఉత్తరాల సంగతి. ఆ ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ మూడో రోజున మడమ మీద చిన్న సూదిపోటు పొడిచి రెండు చుక్కల రక్తం తీస్తారు. కొన్ని జబ్బులు బిడ్డ ముఖం చూస్తే తెలియవు, ఆ చుక్కల్లోనే బయటపడతాయి. మందు వెంటనే మొదలుపెడితే బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పూర్వం ల్యాబ్ పెద్దాయన ఆ పరీక్షల అంకెలన్నీ స్కేలు ఆనించుకుని వరసగా చదివేవాడు. ఆయన కళ్ళ బాధ చూడలేక మాస్టారు సొంతంగా ఒక ప్రోగ్రాం రాసిపెట్టారు. ఏ బిడ్డ అంకె గీత దాటినా, ఆ ప్రోగ్రాం వెంటనే వార్డుకూ డాక్టరుకూ ఒక ఉత్తరం, అదే ఈమెయిల్, పంపుతుంది. నెలకు ఒకటో రెండో వెళ్ళేవి. ఆ ఉత్తరాలు మొదలయ్యాక అంకెలు చదవడం అందరూ మానేశారు. ఎవరినీ తప్పు పట్టలేం. పదిహేనేళ్ళలో ఆ ప్రోగ్రాం ఒక్కసారీ తప్పలేదు.

ఆ శనివారం కూడా ఎప్పటిలాగే కూర్చుంది. ప్రింటర్ల పాత ప్యాకేజీ పోయి కొత్తది వచ్చింది. పాతదాని వెంట వచ్చినవి పద్నాలుగు మిగిలాయి. తీసేయనా అని సర్వర్ అడిగింది. సర్వరమ్మ కాగితం ముద్రించుకుంది, పెన్సిల్ తీసుకుంది, చదివింది. పదమూడు పేర్లకు టిక్కులు పడ్డాయి. పద్నాలుగోది ఉత్తరాలు మోసే చిన్న ప్యాకేజీ. అదీ ప్రింటర్ల వెంట వచ్చిందేలే అనుకుంది. నిజమే, వాటి వెంటే వచ్చింది. కానీ మాస్టారు రాసిన ప్రోగ్రాం పదిహేనేళ్ళుగా ఉత్తరాలు పంపుతున్నది దాని చేతే. ఆ ప్రోగ్రాం ప్యాకేజీ కాదు, చేత్తో రాసిపెట్టినది. దానికి ఎవరు కావాలో సర్వర్‌కు తెలిసే దారి లేదు. తెలిసిన మనిషి ఆసుపత్రి మొత్తంలో ఒక్కతే. ఆమె టిక్కు పెట్టింది. అక్షరం కొట్టింది.

అలసటా అంటే, కాదు. తొందరా, కాదు. ఇంట్లో గొడవా, అదీ లేదు. ఏదో ఒక సాకు దొరికితే బాగుండునని నాకూ ఉంది. దొరకలేదు. అన్నేళ్ళు చదివిన కళ్ళు, చూడగానే తమకు తెలుసుననుకున్నాయి.

సర్వర్ నోరెత్తలేదు. ఉత్తరం వెళ్ళకపోతే మాస్టారి ప్రోగ్రాం ఊరుకోదు, సర్వరమ్మకు ఫిర్యాదు రాస్తుంది. కానీ ఆ ఫిర్యాదు కూడా ఉత్తరంగానే రావాలి. మోసేవాడు లేడని చెప్పడానికీ ఆ మోసేవాడే కావాలి. చూశారా ఎలా కుదిరిందో!

ఆ తర్వాత మూడో గురువారం టీ వేళ, పైన క్యాంటీన్‌లో పురిటి వార్డు నర్సు గ్లాసు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఏంటక్కా, ఈ మధ్య మీ గది నుంచి మాకు ఒక్క ఉత్తరమూ లేదు? మామీద కోపమా, లేక పిల్లలందరూ నిక్షేపంలా పుడుతున్నారా?"

సర్వరమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి రావట్లేదు?"

"ఏమో అక్కా. ఈ నెలలో అసలు చూసిన గుర్తు లేదు. ఏం, రావాలా?"

టీ గ్లాసు అక్కడే వదిలేసి ఆమె మెట్లు దిగింది. యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, రెండేసి మెట్లు దిగింది. తెర ముందు కూర్చుని ఆ ప్యాకేజీ పేరు కొట్టింది. అలాంటిదేమీ నా దగ్గర లేదు అంది సర్వర్.  ఏ రోజు, ఏ గంటకు, ఎవరు, ఏ కమాండ్ కొట్టి ఏ ప్యాకేజీని తీశారో సర్వర్ రాసి ఉంచుతుంది. ఆ చిట్టా, లాగ్ అంటారు దాన్ని, తెరిచింది. శనివారం, రెండు గంటల ఇరవై నిమిషాలు, తన పేరు, తన కమాండ్, పద్నాలుగు ప్యాకేజీలు. తిరిగి తెచ్చి పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. వార్డుకు వెళ్ళలేకపోయిన ఉత్తరాలు ఎన్ని ఉన్నాయో చూసింది. ఒక్కటే ఉంది.

ఒక్కటే కదా అని ఊపిరి పీల్చుకోకండి. అది ఒక ఆడపిల్ల ఉత్తరం. పరీక్ష ఫలితం తేలింది సోమవారం, అంటే ఆ శనివారం తర్వాత రెండు రోజులకు. అప్పటికి పిల్లకు ఎనిమిదో రోజు. ఇప్పటికి ఇరవై ఐదో రోజు.

ఆమె ఉత్తరాన్ని నమ్ముకోలేదు. దాన్ని ముద్రించి, కాగితం చేత్తో పట్టుకుని ల్యాబ్ పెద్దాయన దగ్గరికి పరుగెత్తింది. ఆయన అంకె చూసి కుర్చీలోంచి లేచాడు. రెండు గంటల్లో తల్లీ బిడ్డా ఆసుపత్రిలో ఉన్నారు. చీకటి పడేలోగా మొదటి మాత్ర నలిపి, పాలలో కలిపి పట్టారు.

"థైరాయిడ్ పనిచేయడం లేదు పాపకి. పుట్టుకతోనే," అన్నాడు పెద్దాయన వరండాలో. "రెండు వారాల్లోపు మొదలుపెడితే ఢోకా లేదంటారు."

"ఇప్పుడు?"

"ఏమీ కాకపోవచ్చమ్మా. కాస్త తేడా ఉన్నా ఉండొచ్చు. మాటలు రావాలి, నడక రావాలి. అప్పటిదాకా ఎవరం చెప్పలేం." చేతిలోని కాగితం మడుస్తూ మళ్ళీ ఆయనే అన్నాడు. "నేనూ ఆ అంకెలు చూసుకోవాల్సింది. ఉత్తరం వస్తుందిలే అని కూర్చున్నాను."

పెద్ద డాక్టరు చెడ్డవారు కాదు. ఆ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, నెమ్మదిగానే మాట్లాడారు. "సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం జరిగిందని రాద్దాం. అబద్ధం కాదు కదా. ఇకపై ల్యాబ్ వాళ్ళు రోజూ అంకెలు చూస్తారు, మీరు రోజూ ఉత్తరాలు సరిచూస్తారు. ఆ కుటుంబాన్ని ఇంకా కలవరపెట్టడం ఎందుకు?"

"సాంకేతిక కారణం నేనే కదా, డాక్టర్ గారూ."

"ఆ సంగతి ఎవరికీ తెలియదు."

"లాగ్‌లో ఉంది."

"అది చదవగలిగేది మీరొక్కరే," అన్నారాయన. అని, తనేమన్నారో తనకే వినపడినట్టుంది, కళ్ళు దించుకున్నారు.

ఇంటికి వెళ్ళింది. ఆమె భర్త దర్జీ. వీధి వైపు గదిలోనే కుట్టు మిషను. మామూలుగా అయితే గుమ్మంలో అడుగు పెట్టగానే "వచ్చావా సర్వరమ్మా, మా ఇంటి ఫ్యాను కూడా కాస్త చూడు" అని ఏడిపించేవాడు. ఆ రోజు ముఖం చూసి మిషను ఆపేశాడు. ఆమె అంతా చెప్పింది. కంచంలో అన్నం ఆరిపోయింది.

"వెళ్ళి చెప్తే ఆ పాపకి బాగవుతుందా?" అని అడిగాడు.

"అవదు."

"నీ ఉద్యోగం?"

"ఉంటుందో, ఊడుతుందో."

అతను కుడుతున్న గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కత్తెర వైపు చూస్తూ అన్నాడు: "కొత్తలో నేను కొలత తప్పి కత్తిరించినవి చాలానే ఉన్నాయే. చెప్పకుండా కుట్టి ఇచ్చేసేవాణ్ణి. వేసుకుని చూసుకుని, పాపం, వాళ్ళు ఏమనుకునేవారో తెలుసా? తమ ఒళ్ళే పెరిగిందనుకునేవారు. 'తిండి తగ్గించాలండీ' అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. నేనూ నవ్వేవాణ్ణి." అతని గొంతు తగ్గింది. "ఒక్కళ్ళకైనా చెప్పి ఉండాల్సింది."

తెల్లవారి ఆమె తన చేతిరాతతో జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి ఆఫీసులో ఇచ్చింది. సాంకేతిక కారణం అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ పూట లాగ్ కాగితం మడిచి పట్టుకుని, మూడో అంతస్తులోని వార్డుకు వెళ్ళింది. ఆమె అంత పైకి వెళ్ళడం నర్సులు ఎప్పుడూ చూడలేదు. ఎవరూ పలకరించలేదు.

కిటికీ పక్క మంచం. తల్లికి ఇరవై మూడేళ్ళుంటాయేమో, బట్టలకొట్లో పనిచేసే పిల్ల. బిడ్డ పెదవులు తడిగుడ్డతో తుడుస్తూ, "లేమ్మా, కొంచెం తాగు, లే" అని గొణుగుతోంది. పాప కళ్ళు తెరవలేదు.

"మీరెవరండీ?"

"కింద సర్వర్ చూసే మనిషిని. పాప రిపోర్టు ఆలస్యం కావడానికి కారణం నేనమ్మా."

"మెషీన్ పాడైందన్నారే?"

"మెషీన్ పాడవలేదు. అది నన్ను అడిగింది. దీన్ని తీసేయనా అని అడిగింది. నేనే తీసేయమన్నాను."

ఆమె చెప్పింది. ప్యాకేజీ అనలేదు, లాగ్ అనలేదు. కబురు మోసే ప్రోగ్రాం ఒకటి ఉండేదనీ, అక్కర్లేదనుకుని తీసేశాననీ, అందువల్ల మీకు అందాల్సిన కబురు పదిహేడు రోజులు తన గదిలోనే పడి ఉందనీ చెప్పింది. కాగితం చాపింది. ఆ పిల్ల కాగితం చూడలేదు.

"దాని పేరు మీ కంటపడలేదా?"

"పడింది. పైకి చదివాను. టిక్కు కూడా పెట్టాను."

"చదివి కూడానా?"

"చదివి కూడా."

వార్డులో ఎక్కడో ఒక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఈ పాప మాత్రం కదలడం లేదు. తల్లి ఆ ఏడుపునే వింటూ కూర్చుంది. తిడుతుందని, కొట్టినా కొడుతుందని సర్వరమ్మ సిద్ధపడి నిలబడింది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"రోజంతా నిద్రేనండీ," అంది ఆ పిల్ల చివరికి, ఎవరితోనో అన్నట్టు. "ఎంత లేపినా పాలు పట్టదు. నా పాలలో బలం లేదంది మా అత్తయ్య. కడుపుతో ఉండి కొట్లో నిలబడి పనిచేశాను కదా, బిడ్డ చిక్కిపోయిందంది. రోజూ అదే మాట. నేనూ నిజమే అనుకున్నాను. నిన్న మందు వేశాక కూడా అదే అనుకున్నాను, నావల్లే అని. రాత్రంతా దానికి దండం పెడుతూనే ఉన్నాను, నన్ను క్షమించమ్మా అని."

 నిన్నటి నుంచి సర్వరమ్మ పాప గురించి ఆలోచించింది, తన గురించి ఆలోచించింది, మాస్టారు బతికి ఉంటే ఏమనేవారా అని కూడా ఆలోచించింది. తను చేసినదాన్ని తనకు బదులుగా ఇంకొకరు మోస్తున్నారని ఒక్కసారీ తట్టలేదు. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

"జబ్బు ఎవరివల్లా రాలేదమ్మా. పుట్టుకతో వచ్చింది. ఆలస్యం నావల్ల వచ్చింది. నీవల్ల ఏదీ రాలేదు."

"మిమ్మల్ని తిట్టాలనే ఉంది," అంది ఆ పిల్ల. "తర్వాత తిడతాను. ముందు ఈ మాట మా అత్తయ్య ముందు చెప్పండి."

అత్తగారు వచ్చేదాకా సర్వరమ్మ నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, తనూ కూర్చోలేదు. అత్తగారు భారీ మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతూ ఫ్లాస్కుతో వచ్చింది. కోడలి మీద చూపు పడీ పడకముందే, "తాగిందా? లేదా? నీ దగ్గర ఉంటే కదా తాగడానికి" అంది. కోపంతో అన్న మాటలా లేదు. భయంతో అంటోందని చూస్తేనే తెలుస్తోంది.

రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. ఫ్లాస్కు దించడం కూడా మరిచిపోయి ఆ ముసలామె విన్నది.

"అంటే, దీని పాలు..."

"పాలలో ఏ లోపమూ లేదమ్మా."

"నిలబడి పనిచేసింది కదా మరి?"

"దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. డాక్టర్ గారినే అడగండి. పాప మగతగా ఉన్నది జబ్బువల్ల. ఆ జబ్బు సంగతి మీకు పదిహేడు రోజులు తెలియకపోయింది నావల్ల."

అత్తగారు మంచం అంచున కూలబడింది.

"మళ్ళీ చెప్పు. నాకు సరిగ్గా వినపడలేదు."

వినపడింది. ఆ మంచం చుట్టూ ఉన్న నలుగురికీ వినపడింది. అయినా సర్వరమ్మ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చెప్పింది. చెప్తుండగానే ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టింది. లోలోపల కుమిలే ఏడుపు కాదు, చంటిపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. అత్తగారు ఫ్లాస్కు కింద పెట్టింది. చెయ్యి ఎత్తి, ఎక్కడ వేయాలో తెలియక కాసేపు అలాగే ఉంచి, చివరికి కోడలి వీపు మీద వేసింది. సర్వరమ్మ వైపు చూడలేదు.

చాలాసేపటికి ఆ పిల్ల ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది.

"ఇంక వెళ్ళండి. మిమ్మల్ని క్షమించానో లేదో నాకు ఇప్పుడు తెలీదు. దీనికి మాటలొచ్చాక చెప్తాను."

"అప్పటికి ఈ ఉద్యోగంలో ఉంటానో లేదో అమ్మా. ఎక్కడున్నా కబురు చేస్తే వస్తాను."

"రావాలి," అంది ఆ పిల్ల.